ఎవరూ లేని దీవి కావాలట!



ఈ మధ్య ఏలూరు చుట్టుపక్కల ఎవర్ని కదిపినా థాయ్‌లాండ్ మాటే. 2023 నవంబరులో మనవాళ్లని వీసా లేకుండానే రానివ్వడం మొదలుపెట్టారు. 2024లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కి, 2025లో హైదరాబాద్ నుంచి నేరుగా ఫుకెట్‌కి విమానాలు మొదలయ్యాయి. చేపల చెరువుల లీజు డబ్బు చేతికొచ్చినవాళ్లు, కొత్తగా ఉద్యోగం వచ్చినవాళ్లు, కొత్తగా పెళ్లయినవాళ్లు, అందరూ లెక్కలు వేసుకుంటున్నారు. వట్లూరులో నాతోపాటు రూముల్లో ఉండి చదువుకున్న బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కూడా నెల రోజులుగా ఇదే చర్చ. వాళ్లకి పట్టాయా వద్దట. అక్కడ జనం ఎక్కువ, అందులోనూ మనోళ్లే ఎక్కువ. "ప్రశాంతంగా ఉండాలి, ఎవరూ లేని దీవి ఏదైనా ఉంటే చెప్పండ్రా" అని అడుగుతున్నారు.

ఆ మాట దగ్గరే నా పేచీ. థాయ్‌లాండ్ మీద కాదు, మీ సెలవు మీద కాదు, మీ డబ్బు మీద అసలే కాదు. "ఎవరూ లేని దీవి" అనే ఆ మూడు మాటల మీద.

ఎందుకంటే ఆదివాసీలం మేం ఈ మాట చాలాసార్లు విన్నాం. అడవిలో ఎవరూ లేరన్నారు, ఉన్నాం. కొండమీద పోడు భూమి ఖాళీ అన్నారు, మా అవ్వతాతలు దున్నుతున్నారు. ఎవరూ లేరు అని ఎవరైనా అన్నారంటే రెండే అర్థాలు. అక్కడున్నవాళ్లు వాళ్ల లెక్కలో మనుషులు కాదు, లేదంటే వాళ్లని ఖాళీ చేయించే పని మొదలైంది.

ముందు లిపె సంగతి చూడండి. ప్రశాంతమైన థాయ్ దీవి అంటే యూట్యూబ్ వీడియోలవాళ్లు చెప్పే పేర్లలో ఇదొకటి. సాతున్ రాష్ట్రంలో, దాదాపు మలేసియా సరిహద్దు మీద, అండమాన్ సముద్రంలో ఉంటుంది. నడిచి తిరిగేంత చిన్న దీవి. విమానాశ్రయం లేదు. హాట్ యాయ్ దాకా విమానం, అక్కణ్ణుంచి పాక్ బారా రేవు దాకా రోడ్డు, ఆపైన స్పీడ్ బోటు. తెల్లటి ఇసుక, అద్దంలాంటి నీళ్లు. అంతా నిజమే, వీడియోల్లో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే వీడియోలో కనబడనివాళ్లు ఉన్నారు. వాళ్ల పేరు ఉరక్ లావోయ్. వాళ్ల భాషలో ఉరక్ అంటే మనుషులు, లావోయ్ అంటే సముద్రం. మేం కోయతూర్ అని చెప్పుకున్నట్టే వాళ్లు సముద్రం మనుషులమని చెప్పుకుంటారు. థాయ్ ప్రభుత్వం మాత్రం వాళ్లకి "థాయ్ మయ్" అని పేరు పెట్టింది. అంటే కొత్త థాయ్‌లు! తరతరాలుగా ఆ సముద్రం మీద బతికేవాళ్లు కొత్తవాళ్లట. బ్యాంకాక్ నుంచి నిన్నొచ్చి రిసార్టు కట్టినాయన పాతవాడా మరి?

దీని వెనక ఇంకో తమాషా ఉంది. 1909లో సయాం రాజ్యానికీ బ్రిటిష్ వాళ్లకీ మధ్య సరిహద్దు ఒప్పందం జరిగింది. ఆ రోజుల్లో ఈ దీవులు మలయా వైపు పోకూడదని సయాం అధికారులే ఉరక్ లావోయ్ వాళ్లని లిపెలో స్థిరపడమన్నారు, మేం సయాం మనుషులమని చెప్పమన్నారు. ఆ మనుషులు అక్కడ ఉన్నారు కాబట్టే ఆ దీవి ఇవాళ థాయ్‌లాండ్‌లో ఉందని అక్కడి పెద్దలు ఇప్పటికీ చెప్తారు. దేశానికి సరిహద్దు కావాల్సొచ్చినప్పుడు వాళ్లు పౌరులు. సరిహద్దు ఖాయమయ్యాక?

1974లో తరుతావ్ జాతీయ పార్కు వచ్చింది. పక్కనున్న ఆదాంగ్ దీవిలో ఉన్న కుటుంబాల్ని లిపెకి తరలించారు. తర్వాత టూరిస్టులు వచ్చారు, భూమికి రేటు వచ్చింది, రేటుతోపాటు కాగితాలు వచ్చాయి. చేపలు పట్టుకునేవాడి దగ్గర పట్టా ఎందుకుంటుంది? పట్టా రాయించుకున్నవాడు అమ్మాడు, కొన్నవాడు గోడ కట్టాడు. బీచ్ ముందు వరసంతా రిసార్టులు, వెనక సందుల్లో దీవి అసలు మనుషులు. 2022 చివర్లో అయితే పిల్లలు బడికెళ్లే దారికే అడ్డం కట్టారు, ఆ స్థలం మాదని ఎవరో కాగితం చూపించి. అదే దారిలో ఆరోగ్య కేంద్రానికీ, సముద్రం ఒడ్డుకీ వెళ్తారు. ఊరంతా లేచి నిలబడి, బ్యాంకాక్ దాకా వెళ్లి గోల చేస్తేగాని ప్రభుత్వం కమిటీ వేయలేదు.

ఇప్పుడు చెప్పండి, మీరు లిపెలో రూము బుక్ చేసుకుని "ఆహా, ఎంత ప్రశాంతంగా ఉందో" అంటే, ఆ ప్రశాంతత సముద్రం ఇచ్చిందా, గోడ ఇచ్చిందా?

"అది థాయ్‌లాండ్ వాళ్ల గొడవ, మనకెందుకు" అంటారేమో. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం మండలాల్లో 1990ల్లో కోయవాళ్లు చేసిన భూపోరాటం మన జిల్లాలో జరిగిందే కదా. 1/70 చట్టం వచ్చి పాతికేళ్లయినా భూమి గిరిజనేతరుల చేతిలోనే ఉంటే, చట్టం అమలు చేయండి అని అడిగినందుకు కేసులు పెట్టించుకున్నారు మా పెద్దలు. ఉరక్ లావోయ్ వాళ్లకి 1/70 లాంటి కాగితం కూడా లేదు. 2025 దాకా వాళ్లకి ఉన్నదల్లా 2010 జూన్‌లో థాయ్ మంత్రివర్గం చేసిన ఒక తీర్మానం, సముద్ర జాతుల జీవనాన్ని పునరుద్ధరించాలని. తీర్మానం అంటే తెలుసుగా, చదవడానికి బాగుంటుంది.

ఫుకెట్‌లోనే, మీరు విమానం దిగే ఊళ్లోనే, రవాయ్ అని బీచ్ ఉంది. సీఫుడ్‌కి పేరు. అక్కడి ఉరక్ లావోయ్ వాళ్లు తాము ఆ ఒడ్డువాళ్లమే అని రుజువు చేసుకోడానికి పూర్వీకుల ఎముకలకి డీఎన్‌ఏ పరీక్షల దాకా వెళ్లాల్సొచ్చింది. 2016 జనవరిలో దారి మూసెయ్యడానికి మనుషుల్ని దింపితే దెబ్బలు తిన్నారు. వాళ్లు మొక్కుకునే చోటికి వెళ్లే దారి అది. మా దగ్గర 2005 డిసెంబరు 13 నాటికి అడవిలో ఉన్నావా, సాగులో ఉన్నావా, సాక్ష్యం చూపించు అంటారు. అక్కడ ఎముకలు చూపించమన్నారు. అంతే తేడా.

ఇంకొంచెం పైకి వెళ్తే సురిన్ దీవులు. కురాబురి రేవు నుంచి బోటు. ఇక్కడ నిజంగానే హోటళ్లు లేవు, పార్కువాళ్ల టెంట్లు ఉంటాయి, ప్రశాంతత కావాలనేవాళ్లు దీన్ని ఇష్టపడతారు. ఇక్కడ ఉండేది మోకెన్ జనం. ఏడాదిలో ఎక్కువ భాగం కబాంగ్ అనే పడవ మీదే కాపురం చేసినవాళ్లు. పడవే ఇల్లు. 1981లో ఆ దీవులు జాతీయ పార్కు అయ్యాయి. పార్కులో చెట్టు కొట్టకూడదు. చెట్టు కొట్టకపోతే కబాంగ్ లేదు. కబాంగ్ లేకపోతే మోకెన్ అనేవాడు ఒడ్డున గుడిసెలో కూర్చుని బొమ్మ పడవలు చెక్కి టూరిస్టులకి అమ్ముకోవాలి. అదే జరుగుతోంది. అసలు పడవకి అనుమతి లేదు, బొమ్మ పడవకి ఉంది! వాళ్లలో చాలామందికి చాలాకాలం పౌరసత్వ కార్డు కూడా లేదు, కొందరికి ఇప్పటికీ లేదు. మీ ప్యాకేజీలో మాత్రం "సముద్ర సంచార జాతి గ్రామ సందర్శన" అని ఒక లైను ఉంటుంది, స్నార్కెలింగ్‌కీ భోజనానికీ మధ్యలో.

ఈ లైను నాకు బాగా తెలిసిన లైను. పాపికొండలు ప్యాకేజీలో కూడా ఉంటుంది. పేరంటపల్లి దగ్గర బోటు ఆగుతుంది, గుడి చూస్తారు, కొండరెడ్ల దగ్గర వెదురు బొమ్మలు బేరమాడి కొంటారు, ఫొటోలు దిగుతారు, హారన్ కొట్టగానే ఎక్కేస్తారు. పేరంటపల్లి వేలేరుపాడు మండలం, అంటే 2022లో జిల్లాలు విడగొట్టాక మన ఏలూరు జిల్లా. వట్లూరూ పేరంటపల్లీ ఒకే జిల్లా అని ఎంతమందికి తెలుసు? పదిరూపాయల దగ్గర బేరమాడిన ఆ వెదురు మీద హక్కు మాదని చెప్పుకోడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగాల్సొచ్చిందని ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది చెప్తాను.

2004 డిసెంబరు 26. సునామీ. అండమాన్ సముద్రం ఒడ్డున వేలమంది పోయారు, అదే రోజు మన కృష్ణా తీరంలోనూ ప్రాణాలు పోయాయి. సురిన్ దీవుల్లో మోకెన్ పెద్దలు నీళ్లు వెనక్కి లాక్కుపోవడం చూశారు. వాళ్ల తాతలు చెప్పిన కథల్లో లబూన్ అని ఒక అల ఉంది, మనుషుల్ని తినే అల. నీళ్లు అలా వెనక్కి పోయాయంటే లబూన్ వస్తోందని వాళ్లకి తెలుసు. ఊరంతటినీ కొండెక్కించారు. అక్కడున్న టూరిస్టులకి కూడా కేకలేసి ఎక్కించారు. ఊరు కొట్టుకుపోయింది, మనుషులు దాదాపు అందరూ బతికారు.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరి వరద మీద ఉంది. అంత వరదలో రాయల్ వశిష్ట బోటు పాపికొండల యాత్రకి బయల్దేరి, కచ్చులూరు మందం దగ్గర తిరగబడింది. ఎక్కినవాళ్లు డెబ్బై మందికి పైగా, బతికినవాళ్లు 26 మంది. వాళ్లని ఎవరు బయటికి లాగారు? కచ్చులూరు వాళ్లు. చిన్న పడవలేసుకుని ఆ సుడుల్లోకి వెళ్లింది ఆ ఊరి గిరిజనులు. రెస్క్యూ టీములు వచ్చింది తర్వాత. ఐదు వారాలు దాటాక బోటుని బయటికి లాగిన ధర్మాడి సత్యం గారి పేరు రాష్ట్రమంతా మార్మోగింది, మార్మోగాల్సిందే, గొప్ప పని చేశారు. కానీ బతికున్న మనుషుల్ని లాగినవాళ్ల పేర్లు మీకు ఒక్కటైనా గుర్తుందా? ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. పోలవరం కాఫర్ డ్యామ్ నీళ్లు వెనక్కి తన్ని దేవీపట్నం మండలం ఊళ్లు ఒక్కొక్కటీ మునిగాయి. జనాన్ని ఎత్తి కాలనీల్లో పడేశారు. యాత్ర మాత్రం మళ్లీ మొదలైంది.

ఎవరూ లేని చోటు కావాలి అనేవాళ్లు ఆలోచించాల్సింది ఇది. 2019లో ఆ ఒడ్డున నిజంగా ఎవరూ లేకపోతే ఆ 26 మంది ఏమయ్యేవాళ్లు? ఇవాళ నది అంతే లోతు, ఒడ్డున ఊళ్లు లేవు. ఫొటోకి బాగుంటుంది, అవును. ఇళ్లు అడ్డం రావు.

కొల్లేరు వాళ్లకి నేను దీన్ని ఎక్కువ వివరించక్కర్లేదు. దీవులంటే ఏంటో మీకు తెలుసు, మన భాషలో వాటిని లంకలంటాం, కొల్లేటికోట దాకా అన్నీ అవే. 1999లో ఐదో కాంటూరు గీసి అభయారణ్యం అన్నారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చెరువు గట్లు పేల్చారు. పెద్ద చెరువులు వేసి సరస్సుని నాశనం చేసినవాడు వేరు, వలేసుకుని బతికే లంక మనిషి వేరు, గీత మాత్రం ఇద్దరి మీదా ఒకేలా పడింది. ఆటపాకలో పెలికాన్ పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్లు కూడా "ఎంత ప్రశాంతంగా ఉందో" అనే అంటారు. మ్యాపు మీద ఆఫీసరు గీత గీస్తే ఇంట్లో పొయ్యి ఎలా ఆరిపోతుందో మీకు తెలుసు. మరి అదే మనిషి థాయ్‌లాండ్ వెళ్లేసరికి ఆ గీతకి అటువైపు ఎందుకు నిలబడాలి?

ఈ ఎవరూ లేని దీవి అనే పిచ్చి మనది కూడా కాదు, అరువు తెచ్చుకున్నది. 2000లో "ది బీచ్" అని హాలీవుడ్ సినిమా వచ్చింది, ఎవరికీ తెలియని థాయ్ బీచ్ కోసం వెతుక్కుంటూ వెళ్లే కుర్రాడి కథ. షూటింగ్ ఫీ ఫీ లే దీవిలో మాయా బీచ్‌లో చేశారు. బీచ్ బీచ్‌లా లేదని ఇసుక దిబ్బలు చదును చేసి కొబ్బరి చెట్లు నాటారు! ఆ కేసు ఇరవై ఏళ్లకి పైగా కోర్టుల్లో నలిగింది. సినిమా చూసి రోజుకు ఐదువేల మంది దాకా ఆ చిన్న ఒడ్డు మీద దిగారు. పగడపు దిబ్బలు చచ్చిపోయాయి. 2018 జూన్‌లో మూసేశారు, 2022 జనవరిలో తెరిచారు, ఇప్పుడు లెక్కపెట్టి రానిస్తున్నారు. ఎవరికీ తెలియని బీచ్ అని సినిమా తీస్తే ప్రపంచమంతా వచ్చింది.

మనోళ్ల గురించి కూడా ఒక మాట. ప్రశాంతత కావాలని వెళ్తారు, బ్యాగులో మాత్రం బ్లూటూత్ స్పీకరు. సరేలెండి.

"టూరిజం ఆపేస్తే వాళ్ల పొట్ట కొట్టినట్టే కదా తమ్ముడూ" అని ఒక అన్న అడిగారు. మంచి ప్రశ్నే. ఆపమని ఎవరన్నారన్నా? లిపె వాళ్లూ అనలేదు, పేరంటపల్లి వాళ్లూ అనలేదు. వాళ్లు అడిగేది బోటు ఎవరిది, నేల ఎవరిది, ఎంతమంది రావాలో ఎవరు చెప్తారు అని. మా షెడ్యూల్డ్ ఏరియాలో పీసా చట్టం 1996 నుంచి ఉంది, గ్రామసభకి ఆ అధికారం ఉంది. 1997 సమత తీర్పు ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర కంపెనీలకి గనుల లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. గనికి వర్తించే న్యాయం రిసార్టుకి ఎందుకు వర్తించదు? టెంట్లు వేసేటప్పుడు, జెట్టీ కట్టేటప్పుడు, కొండ మీద వ్యూ పాయింట్ పెట్టేటప్పుడు గ్రామసభ పెట్టారా అని అడిగితే మమ్మల్ని అభివృద్ధి వ్యతిరేకులంటారు. వెయిటర్ ఉద్యోగం ఇస్తాం కదా అంటారు. మా ఊళ్లో మాకు వెయిటర్ ఉద్యోగం! ఎంత దయ!

వేరే రకంగా నడవదా అంటే, నడుస్తోంది. ఫుకెట్‌కీ క్రాబీకీ మధ్య కో యావ్ నోయ్ అని దీవి ఉంది. ఎక్కువమంది ముస్లిం మత్స్యకారులు. పెద్ద ట్రాలర్లు వచ్చి వాళ్ల చేపలన్నీ ఊడ్చుకుపోతుంటే ముందు వాటి మీద పోరాడారు, తర్వాత తామే ఒక సంఘంగా ఏర్పడి ఇళ్లల్లో అతిథుల్ని పెట్టుకోవడం మొదలెట్టారు. వంతులవారీగా ఇళ్లకి పంపిస్తారు, వచ్చిన డబ్బులో కొంత ఊరికి. 2002లో దానికి అంతర్జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఊళ్లో మందు తాగొద్దు, ఒంటినిండా బట్టలేసుకోండి అని వాళ్లే చెప్తారు, వచ్చినవాళ్లు వింటారు. అక్కడా ఇప్పుడు పెద్ద రిసార్టులు వచ్చాయి, అంతా బంగారం అని నేననను. కానీ "మా ఊరికి ఎలా రావాలో మేం చెప్తాం" అన్న మాట అక్కడ నిలబడింది. మన పాపికొండల్లో ఆ మాట ఎవరన్నా వింటున్నారా?

కాబట్టి వెళ్లేవాళ్లు వెళ్లండి. వెళ్లేముందు కొన్ని తెలుసుకోండి, ఇవి ఏజెంటు చెప్పడు. సంక్రాంతి సెలవులకైతే ఫుకెట్, లిపె, సురిన్ వైపు సముద్రం నిమ్మళంగా ఉంటుంది. మే నెల రెండో సగంలో టికెట్ చవగ్గా దొరికిందంటే దానికో కారణం ఉంది. అప్పటికి రుతుపవనం దిగుతుంది, సురిన్ పార్కు మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు. దసరాకి అటువైపు వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సముయ్, తావ్ ఉన్న రెండోవైపు వానలు. రూము బుక్ చేసేముందు ఆ స్థలం మీద తగాదా ఉందేమో దీవి పేరు కొట్టి వార్తలు వెతకండి, ఐదు నిమిషాల పని. లిపెలో బోటు కావాలంటే హోటలు కౌంటర్లో కాకుండా పొడుగు తోక పడవవాళ్లని నేరుగా అడగండి, ఉరక్ లావోయ్ వాళ్లు చాలామంది ఆ పనే చేస్తారు. మోకెన్ ఊరికి తీసుకెళ్తామంటే, ఆ డబ్బులో ఊరికి ఎంత అని అడగండి. జవాబు రాకపోతే ఆ లైను కొట్టేయించండి. పిల్లల ఫొటోలు తీయకండి. మీ పిల్లల్ని ఎవడో తీసి పెట్టుకుంటే ఊరుకుంటారా?

ఇవే ప్రశ్నలు పోలవరంలోనో రాజమండ్రిలోనో పాపికొండల టికెట్ కొనేటప్పుడు కూడా అడగాలి. అక్కడ తెలుగులోనే అడగొచ్చు, ఇబ్బంది లేదు.

వట్లూరు బ్యాచ్ వాళ్లు చివరికి లిపెకే టికెట్లు తీస్తున్నారట. మంచిది. అక్కడి బడి దారి ఇప్పుడు తెరిచుందో లేదో చూసి రమ్మన్నాను. మీలో ఇప్పటికే వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, బీచ్ ఫొటోలు మాకు వద్దు, ఆ సందులోకి వెళ్లి ఎవరితోనైనా మాట్లాడి ఉంటే అది రాయండి.